ఒక హాలు, ఎనిమిది బొమ్మలు

గోరువెచ్చని నీళ్ళ కొలను కట్టడం పూర్తయింది. పలకలు అతికించారు, పట్టుకుని దిగడానికి స్టీలు కమ్మీలు బిగించారు, నీళ్ళు కూడా నింపారు. తలుపుకి తాళం మాత్రం అలాగే ఉంది. ఎందుకయ్యా అంటే, కంప్యూటర్లో చోటు లేదట!

ఈ మాట బయట చెబితే నవ్వుతారని కోడలికి తెలుసు. ఆ కంప్యూటరు ముందు రోజూ కూర్చునేది ఆమే మరి. పెద్ద ఈతకొలను, వ్యాయామశాల, గ్రంథాలయం, పై అంతస్తులో ఆటలకీ పాటలకీ సభలకీ ఇచ్చే హాలు, వీటన్నిటి ఫ్యాన్లూ పంపులూ దీపాలూ బేస్‌మెంటులో ఆమె కూర్చునే గది నుంచే నడుస్తాయి. ఆ భవనంలో ఊడ్చేవాళ్ళ దగ్గర్నుంచి మేనేజరు దాకా ఆమెని కోడలనే పిలుస్తారు. ఆ కుర్చీలో ఆమెకి ముందు కూర్చున్నది ఆమె మామగారు కాబట్టి. అసలు ఆమె పని నేర్చుకోవడానికి ఆయన దగ్గరికి వచ్చింది, ఆ తర్వాత ఆయన కొడుకుని పెళ్ళి చేసుకుంది. "చేతిలో పని పెడితే కొడుకుని ఎగరేసుకుపోయింది" అని మామగారు ఇప్పటికీ ఫిర్యాదు చేస్తూ ఉంటారు. చేసేటప్పుడు ముఖం వెలిగిపోతూ ఉంటుంది.

సరే, ఈ చోటు గోల ఏమిటో చెప్పాలి కదా. ఆ కంప్యూటర్లో నడిచే సాఫ్ట్‌వేరులోకి తెచ్చిన ప్రతి చిన్న సంగతీ ఒక పాయింటు. గదిలో వేడి ఎంతుందో చెప్పే మీటరు ఒక పాయింటు. ఫ్యాను తిరుగుతోందా లేదా అని చెప్పేది ఇంకొకటి. దాన్ని ఆపే మీట మరొకటి. అమ్మిన కంపెనీవాళ్ళు రెండువేల పాయింట్ల వరకూ మీ ఇష్టం, ఆపైన ఒక్కటి కూడా కట్టనివ్వం అని లైసెన్సు ఇచ్చారు. గోడ మనది, మీటరు మనది, తీగ మనది, లెక్క మాత్రం వాళ్ళది! పాత వెర్షనులో ఈ బెడద లేదు. ఎన్ని కావాలంటే అన్ని కట్టుకోవచ్చు, అడిగే నాథుడు లేడు. కిందటేడు కొత్త వెర్షను వచ్చింది, దాంతోపాటు ఈ లెక్కా వచ్చింది. ఇప్పుడు తెరమీద ఒక మూల వాడకం పంతొమ్మిదివందల తొంభై ఒకటి అని ఎర్రగా చూపిస్తోంది. కొత్త కొలనుకి కావలసినవి నలభై ఎనిమిది. నీళ్ళ వేడి, నీళ్ళలో కలిపే మందు పాళ్ళు, పంపుల తీరు తెరమీద కనబడనిదే ఒక్క మనిషిని కూడా నీళ్ళలోకి దించకూడదని నిబంధన.

కోడలు మేనేజరు దగ్గరికి వెళ్ళింది. ఆయన మంచివాడే, కానీ ఏది అడిగినా "చూద్దాం" అంటాడు. అందుకే అందరూ చాటుగా ఆయన్ని చూద్దాంగారు అంటారు.

"పెద్ద లైసెన్సు సంగతి వచ్చే ఏడాది అడుగుదాం. చూద్దాం" అన్నాడు చూద్దాంగారు.

"అప్పటిదాకా నీళ్ళు అలాగే ఉంచుతామా సార్?"

"నీళ్ళు తీయించేద్దాం. అదీ చూద్దాం. శుక్రవారం కొత్త టైంటేబుల్ అచ్చుకి వెళుతుంది. ఈలోపల నువ్వెక్కడైనా చోటు తీయగలిగితే చెప్పు, కొలను పేరు అందులో వేయిస్తాను. లేకపోతే ఈ ఏడాదికి ఇంతే."

ఇంతే అంటే ఎలా? ఆ కొలను ఎవరికి ఎలా ఉన్నా మామగారికి మందు. రెండేళ్ళుగా మోకాళ్ళు ఆయన మాట వినడం మానేశాయి. కర్ర సాయంతో పడకగది నుంచి భోజనాల గదికి వచ్చేసరికే ముఖం చెమటలు పట్టేస్తుంది. వ్యాయామం చేయించే డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది. నేలమీద నడవలేకపోతే పోనీండి, గోరువెచ్చని నీళ్ళలో నడిపించండి, ఇంకో ఏడాది ఇలాగే కూర్చుంటే తర్వాత నేను కూడా ఏం చెయ్యలేను అని. అప్పట్నుంచీ కోడలు ఆ కొలను పలక పలకా అతుక్కోవడం చూస్తూ రోజులు లెక్కపెట్టుకుంటోంది. తీరా అంతా అయ్యాక, అడ్డం పడింది ఒక అంకె! ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

మండితే లాభం లేదు కాబట్టి లెక్కకి కూర్చుంది. ముందు కంపెనీకి ఫోను చేసింది. అవతలి అమ్మాయి ఎంతో తీయగా, "మీరు పెద్ద లైసెన్సుకి మారవచ్చండీ" అంది. వేరే దారి లేదా అంటే, "ఉందండీ, ఇంకా పెద్ద లైసెన్సుకి కూడా మారవచ్చు" అంది. కోడలు దండం పెట్టి ఫోను పెట్టేసింది.

తర్వాత అంతస్తు అంతస్తుకీ ఎన్ని పాయింట్లున్నాయో విడివిడిగా తెరమీదికి తెచ్చుకుంది. పెద్ద కొలను సరిగానే ఉంది. గ్రంథాలయం సరిగానే ఉంది. ముందు గదిలో ఎప్పుడో పీకేసిన ఫౌంటెను తాలూకు పాయింట్లు నాలుగు దొరికితే తీసేసింది. వాటితో ఏమవుతుంది? ఇక మిగిలింది హాలు. హాలు పక్కన మూడువందల ఇరవై అని ఉంది.

"మూడువందల ఇరవయ్యా! కుర్చీల్ని కూడా లెక్కపెట్టారా ఏమిటి?" అని పైకే అనేసింది.

నమ్మకం కుదరక పైకి వెళ్ళి కళ్ళారా చూసి వచ్చింది. ఆ హాలుకి మూడు మడతగోడలు ఉన్నాయి. అన్నీ లాగేస్తే నాలుగు గదులవుతాయి, అన్నీ మడిచేస్తే ఒకే పెద్ద హాలు. ఒక్కో భాగానికీ మీటర్లూ ఫ్యాన్లూ దీపాలూ కలిపి పది పాయింట్లు. ఎంత గట్టిగా లెక్కపెట్టినా నలభైకి మించవు. కిందికి వచ్చి హాలు పాయింట్లు ఒక్కొక్కటే విప్పి చూస్తే అసలు సంగతి బయటపడింది. అక్కడ ఒక పేజీ కాదు, ఎనిమిది పేజీలున్నాయి. గోడలన్నీ మడిస్తే ఒక బొమ్మ, సగం సగం చేస్తే ఒక బొమ్మ, కుడి చివర గదిని విడదీస్తే ఇంకొకటి... మూడు గోడల్ని ఎన్ని రకాలుగా తీయవచ్చో మూయవచ్చో అన్ని బొమ్మలు. ప్రతి బొమ్మకీ ఆ నలభై పాయింట్లనీ మళ్ళీ కొత్తగా కట్టారు. అంటే గోడమీది ఒకే మీటరు ఎనిమిది పేర్లతో ఎనిమిది సార్లు లెక్కలోకి వచ్చింది. రెండువందల ఎనభై పాయింట్లు ఊరికే కూర్చున్నాయి!

ఇన్నేళ్ళూ ఆమె మొదటి పేజీ తప్ప తెరిచింది లేదు. హాలు నడిపే అబ్బాయికీ అదొక్కటే తెలుసు. కొత్త వెర్షనుకి మారినప్పుడు అంతా మూటగట్టి ఉన్నదున్నట్టు తెచ్చేశారు, ఎవరూ విప్పి చూడలేదు.

ప్రతి బొమ్మలోనూ ఏదో ఒక తలుపు పక్కన ఒక చిన్న ఎర్ర కుర్చీ గీసి ఉంది. హాలు ఆకారం మారినప్పుడల్లా కుర్చీ కూడా చోటు మారింది. దానికి ఏ పాయింటూ లేదు, ఊరికే బొమ్మ. అది చూడగానే కోడలికి కట్టిందెవరో తెలిసిపోయింది. ఆ రోజుల్లో హాలు చూసుకునే ఉద్యోగం అత్తగారిది. ఆవిడ కూర్చున్నది ఎర్ర కుర్చీలోనే.

చెరపడం ఎంతసేపు, రెండు నొక్కుళ్ళు. కానీ చెయ్యి రాలేదు. పనిలో చేరిన మొదటి రోజే మామగారు చెప్పిన మాట ఒకటుంది. కట్టినవాణ్ణి అడక్కుండా ఏ పాయింటూ చెరపకు, దేనికి ఏది వేలాడుతోందో కట్టినవాడికే తెలుసు. ఒకసారి బయటి నుంచి వచ్చిన కాంట్రాక్టరు పనికిరాని పాయింటని ఒకదాన్ని చెరిపేస్తే, జనం ఈదుతూ ఉండగా పెద్ద కొలను దీపాలన్నీ ఆరిపోయాయి. ఆ రోజు మామగారు అరిచిన అరుపులు వ్యాయామశాల వాళ్ళు ఇంకా తలుచుకుంటూ ఉంటారు.

కాబట్టి సాయంత్రం భోజనాల దగ్గర మెల్లగా కదిపింది.

"మామయ్యా, హాలు పాయింట్లు ఎనిమిదిసార్లు కట్టారా మీరు?"

"ఎనిమిది ఆకారాలుంటే ఎనిమిదిసార్లు కట్టక, మూడుసార్లు కట్టి వదిలేస్తారా?" అన్నారు మామగారు.

"మీటర్లు అవే కదా. ఇప్పుడు సాఫ్ట్‌వేరు ఒక్కోదాన్నీ ఎనిమిదిగా లెక్కేస్తోంది."

"నేను కట్టినప్పుడు లెక్కపెట్టేవాడు లేడు. పెట్టేవాడి బుద్ధి అది, నా తప్పేం లేదు."

"తప్పని ఎవరన్నారు మామయ్యా? ఏడు పేజీలు తీసేస్తే కొలనుకి చోటొస్తుంది. మీరు నీళ్ళలో నడవచ్చు. మిగిలిన ఒక్క పేజీతో హాలు ఎప్పటిలాగే నడుస్తుంది."

మామగారు గ్లాసు ఠక్కున కింద పెట్టారు. "నా మోకాళ్ళ కోసం నడుస్తున్నదాన్ని కెలక్కు. నాకేం, బ్రహ్మాండంగా ఉన్నాను." బ్రహ్మాండంగా ఉన్న ఈ మనిషి బల్ల ముందుకి వచ్చి కూర్చోవడానికి రెండుసార్లు అబ్బా అనీ ఒకసారి అమ్మో అనీ అన్నారు.

"అవి ఎవరు వాడుతున్నారు మామయ్యా?" అని కోడలు వదల్లేదు.

"ఎవరు వాడటమేమిటి! మీ అత్తయ్య వాడింది, పధ్నాలుగేళ్ళు! అంకెలు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయండీ అంది. అందుకని ఆ రోజు హాలు ఎలా ఉంటే అలా ఉండే బొమ్మ గీశాను, తన కుర్చీతో సహా. తను కూర్చున్నచోటు చూసుకుని ఆ గది మీద నొక్కడమే, చల్లగాలి వచ్చేస్తుంది. రెండు నెలలు కూర్చుని కట్టాను. అందులో ఒక్కటి తీసినా హాలు చూసేవాళ్ళకి దిక్కు తోచదు. కావాలంటే అడుగు దాన్ని."

అత్తగారు జగ్గుతో నీళ్ళు పోస్తూ పెదవి బిగించుకుని ఉన్నారు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"ఎందుకే నవ్వుతావు?"

"ఏం లేదండీ."

"ఏం లేకుండా అలా నవ్వుతారా ఎవరైనా?"

అత్తగారు జగ్గు బల్లమీద పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకున్నారు. "నేను వాటిని ఒక్కసారి కూడా నొక్కలేదండీ."

మామగారు నోరు తెరిచారు. "మరి పధ్నాలుగేళ్ళూ హాలు చల్లగానే ఉండేదే!" అన్నారు.

"ఉండేది. నేను మీకు ఫోను చేసేదాన్ని కదా, హాలు ఉక్కగా ఉందండీ అని. మీరు మెట్లెక్కి పైకి వచ్చి, మీరే నొక్కేవారు."

"నువ్వు నొక్కినా పని చెయ్యట్లేదేమో అనుకుని వచ్చేవాణ్ణే! ప్రతిసారీ తీగలన్నీ విప్పి చూసేవాణ్ణి!"

"తెలుసండీ. అంతా సరిగానే ఉందే అని తల గోక్కునేవారు. పాపం అనిపించేది."

"పాపం అనిపిస్తే నొక్కచ్చుగా? అంత కష్టమా ఆ బొమ్మ?"

"కష్టమేం కాదు. చిన్నపిల్లలు కూడా నొక్కుతారు." అత్తగారు ఈసారి నవ్వలేదు. "అప్పుడు ఈ ఇంట్లో తొమ్మిదిమందిమి. మీ అమ్మగారూ నాన్నగారూ, తమ్ముళ్ళూ, పిల్లలూ. మీతో రెండు మాటలు మాట్లాడదామంటే నా వంతు వచ్చేది కాదు. బొమ్మ నొక్కితే గాలి వచ్చేది. ఫోను చేస్తే మీరు వచ్చేవారు."

కోడలి భర్త బస్సు డ్రైవరు, అంత తేలిగ్గా తడబడే మనిషి కాదు. అతను కూడా జగ్గు నిండుగానే ఉన్నా అది పట్టుకుని నీళ్ళు తెస్తానంటూ వంటింట్లోకి జారుకున్నాడు. మామగారైతే చెవులదాకా ఎర్రబడ్డారు.

"రెండు నెలలు కూర్చుని కట్టానే..." అన్నారు చివరికి, చాలా చిన్న గొంతుతో.

"ఎంత బాగా కట్టారండీ! ఆ కుర్చీ బొమ్మ ఎంత ముద్దుగా ఉండేదో. నొక్కలేదు గానీ, రోజూ తెరిచి చూసుకునేదాన్ని" అన్నారు అత్తగారు.

ఆ తర్వాత మామగారు అన్నం ముగించి, కర్ర పట్టుకుని పడకగదిలోకి వెళ్ళిపోయారు. కోడలు ఇక ఆ మాట ఎత్తలేదు. ఆమెకి శుక్రవారం మీద ఆశ సగం పోయింది, అయినా ఎందుకో బెంగ అనిపించలేదు.

మర్నాడు పొద్దున్న ఆమె బయల్దేరేసరికి మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"పద. కట్టినవాడు ఉండగా నువ్వు చెరపడమేమిటి? నేనే చెరుపుతాను."

బేస్‌మెంటులో పాత కుర్చీలో కూర్చోగానే ఆయనకి పదేళ్ళ వయసు తగ్గింది. మౌసు తేలికైపోయిందన్నారు, తెర వెలుగు ఎక్కువైందన్నారు, గదికి ఎవరు వేశారీ రంగు అన్నారు.

"కాపీ తీసి పెట్టావా?"

"తీశాను మామయ్యా."

"రెండు తీశావా?"

"మామయ్యా!"

ఒక్కొక్క పేజీ తెరిచి, దానికి ఇంకేమీ వేలాడటం లేదని చూసుకుని మరీ చెరిపారు. చెరిపేముందు ప్రతిదాని కథా చెప్పారు. ఈ ఆకారంలో ఇటు కరాటే పిల్లలు అరుస్తుంటే అటు సంగీతం క్లాసువాళ్ళు తిట్టుకునేవారట. ఈ ఆకారంలో మీ అత్తయ్య కుర్చీ సరిగ్గా గాలి కింద పడేది, తుమ్ములే తుమ్ములు. ఆరో పేజీ దగ్గర కాస్త ఆగారు. ఏడోది త్వరగా కానిచ్చేశారు.

"ఊఁ, అంకె చూడు" అన్నారు.

చూస్తే పంతొమ్మిదివందల ఎనభై ఏడు. పొద్దున్న ఎంత ఉందో అంతే. మామగారు తెర దగ్గరికి వంగారు. "చెరిపించుకుని చోటివ్వదా? ఏం సాఫ్ట్‌వేరే ఇది!"

ఒక్క నిమిషం తర్వాత గుర్తొచ్చింది కోడలికి. ఆ లెక్క ఉన్నపళంగా మారదు. సాఫ్ట్‌వేరు మొత్తం ఆపి, మళ్ళీ మొదలుపెడితేనే లైసెన్సు కొత్తగా లెక్కేసుకుంటుంది. ఆపితే కాసేపు భవనం సంగతులేవీ తెరమీద కనబడవు. ఫ్యాన్లూ పంపులూ వాటి మానాన అవి తిరుగుతుంటాయి గానీ ఏదైనా అటూ ఇటూ అయితే తెలియదు. "కొలనులో జనం ఉండగా మాత్రం ఆపకు" అన్నారు మామగారు. మధ్యాహ్నం శుభ్రం చెయ్యడానికి కొలను మూసేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. కోడలు గోళ్ళు కొరుక్కుంది. మామగారు చూసి కూడా తిట్టలేదు.

ఆపింది. తెర నల్లబడింది. మళ్ళీ మొదలుపెట్టింది. భవనం ముక్కలు ముక్కలుగా తెరమీదికి వచ్చింది, ముందు గ్రంథాలయం, తర్వాత కొలను, అందరికంటే ఆఖరున హాలు. మూలన అంకె ఈసారి పచ్చగా వెలిగింది. పదిహేడువందల ఏడు.

"వచ్చేసింది మామయ్యా!" అని కోడలు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. మామగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, అవి శుభ్రంగానే ఉన్నా.

చూద్దాంగారు కబురందుకుని కిందికి వచ్చాడు. అంకె వైపు చూశాడు, పాత ఉద్యోగి వైపు చూశాడు. "ఇంకా నలభై ఎనిమిది కట్టినా బోలెడు చోటు మిగులుతుందన్నమాట. సరే, టైంటేబుల్ సంగతి చూ..."

"చూడ్డానికింకేముంది? కనిపిస్తోందిగా!" అన్నారు మామగారు.

చూద్దాంగారు నీళ్ళు నమిలి, "కానివ్వండి" అన్నాడు. ఆ మాట ఆయన నోట కోడలు వినడం అదే మొదటిసారి.

ఆయన వెళ్ళాక మామగారు మిగిలిన ఒక్క పేజీ తెరిచారు. గోడలన్నీ మడిచిన పెద్ద హాలు, తలుపు పక్కన ఎర్ర కుర్చీ. "బొమ్మలకి లైసెన్సు లెక్క లేదుగా?" అని అడిగారు.

"లేదు మామయ్యా. ఎన్నయినా గీసుకోవచ్చు."

ఆయన ఆ కుర్చీని కాపీ తీసి, దాని పక్కనే ఇంకో కుర్చీ పెట్టారు. కొంచెం వంకరగా వచ్చిందని సరిచేశారు. కోడలు ఏమీ చూడనట్టు తీగలు సర్దుకుంటూ ఉండిపోయింది.

టైంటేబుల్లో కొలను పేరు పడింది, తాళం తీశారు. మొదటి రోజు మామగారు కమ్మీ పట్టుకుని నీళ్ళలోకి దిగుతూ నానా హంగామా చేశారు. నీళ్ళు లోతన్నారు, నేల జారుతోందన్నారు, తన వయసు వాళ్ళు ఎవరూ లేరన్నారు. అందరూ ఆయన వయసు వాళ్ళే. కొన్ని వారాలకి కర్రని తలుపు దగ్గర వదిలేసి నీళ్ళదాకా తనే నడిచి వెళ్ళడం మొదలుపెట్టారు. అత్తగారు గట్టుమీద బెంచీలో కూర్చుని, అటు చివరిదాకా వెళ్ళి రమ్మని చెయ్యూపుతుంటారు. ఆయన వెళ్ళి వస్తుంటారు, సణుక్కుంటూ.

ఒక రోజు కోడలు కింద గదిలో పనిలో మునిగి ఉండగా ఫోను మోగింది. అత్తగారు.

"అమ్మాయ్, నీళ్ళు చల్లగా ఉన్నాయే. ఒకసారి వచ్చి చూస్తావా?"

కోడలు తెర చూసింది. నీళ్ళ వేడి ఎంత ఉండాలో అంతే ఉంది. పంపు తిరుగుతోంది, మందు పాళ్ళు సరిపోయాయి, కొలను పాయింట్లన్నీ పచ్చగా ఉన్నాయి. ఫోనులో వెనక మామగారు ఎవరితోనో పందెం కాస్తూ పెద్దగా నవ్వడం వినిపిస్తోంది. అంతా సరిగానే ఉంది అత్తయ్యా అనబోయి ఆగింది. ఈ మధ్య పని పని అంటూ పొద్దున్నే వచ్చేస్తోంది, ఇంటికి వెళ్ళేసరికి వాళ్ళ భోజనాలైపోతున్నాయి.

"వస్తున్నా అత్తయ్యా" అని ఫోను పెట్టేసి, మెట్లెక్కి పైకి వెళ్ళింది.